ఈ మధ్య ఎవరిది వింటున్నారు?

జాజ్ వినే అలవాటున్న మిత్రులం అమీర్‌పేటలోనో పంజగుట్టలోనో కలిసినప్పుడు, కబుర్లు పాట పేరుతో మొదలై వెంటనే మనిషి పేరు మీదికి పోతాయి. ‘ఆటమ్ లీవ్స్’ విన్నానంటే చాలదు. ఎవరిది? 1958లో కానన్‌బాల్ ఆడర్లీ రికార్డు చేసిందా, మరుసటి ఏడు బిల్ ఎవాన్స్ పియానో మీద వాయించిందా? మొదటి దాంట్లో మైల్స్ డేవిస్ ట్రంపెట్ ఒక్కో స్వరాన్నీ ఆచితూచి వదులుతుంది. రెండో దాంట్లో ఎవాన్స్ పియానో, స్కాట్ లఫారో బాస్ ఒకదాని మాటకు ఒకటి బదులిస్తాయి. ఒకే కీర్తనను బాలమురళి ఎలా పాడారు, మరొకరు ఎలా పాడారు అని కచేరీ నుంచి ఇంటిదాకా వాదించుకునే మనవాళ్లకు ఈ ప్రశ్న కొత్తేమీ కాదు.

మామూలుగా జాజ్‌లో ముందు పాట వరసను ఒకసారి వినిపిస్తారు. చాలా పాటలకు అది 32 బార్లు. ఆ తర్వాత వరస వెనక్కి తగ్గుతుంది, దాని కింద ఉన్న కార్డ్‌ల, అంటే కలిసి మోగే స్వరాల, క్రమం మాత్రం ఆవర్తం తర్వాత ఆవర్తంగా తిరుగుతూనే ఉంటుంది. దాని మీద ఒక్కొక్కరూ అప్పటికప్పుడు కొత్త వరస అల్లి, చివర మళ్లీ పాటకు చేరుకుంటారు. నెరవు చేసి, కల్పనస్వరాలు వేసి, ఎత్తుగడకు తిరిగి రావడం తెలిసిన చెవికి ఈ దారి తొందరగానే దొరుకుతుంది. పెద్ద తేడా ఒక్కటే. మనకు రాగం నిలిచి ఉంటుంది, శ్రుతి కదలదు. వాళ్లకు కార్డ్ మారినప్పుడల్లా ఏ స్వరం మీద నిలబడవచ్చో కూడా మారిపోతుంది. కోల్‌మన్ హాకిన్స్ 1939లో సాక్సఫోన్ మీద వాయించిన ‘బాడీ అండ్ సోల్’ వినండి. మొదట్లో కాసేపు పాటను తలపించి, ఆ పైన అసలు వరసను దాదాపుగా వదిలేస్తాడు. రెండు ఆవర్తాలు, 64 బార్లు, కార్డ్‌ల నుంచే పుట్టిన కొత్త సంగీతం. ఎన్నిసార్లు విన్నా నాకు ఆ ధైర్యం ఆశ్చర్యమే.

కొత్తగా మొదలుపెట్టేవాళ్లకు మాత్రం నేను 1959 నాటి మైల్స్ డేవిస్ ‘కైండ్ ఆఫ్ బ్లూ’ చెబుతాను. అందులో ‘సో వాట్’కు మొదటి 16 బార్లూ ఒకే స్వరక్రమం. అవి మన ఖరహరప్రియ మెట్లే. తర్వాతి 8 బార్లకు అదే క్రమం అరమెట్టు పైకి జరుగుతుంది, చివరి 8కి కిందికి దిగుతుంది. గమకాలు లేవు కనుక అది ఖరహరప్రియ కాదు. అయినా కార్డ్‌ల పరుగు లేకపోవడంతో, రాగంలో తీరిగ్గా తిరిగే అలవాటున్న చెవికి ఊపిరాడుతుంది.

స్వింగ్ సంగతి కాగితం మీద పట్టుబడదు. ఒక దెబ్బలోని రెండు భాగాలు సమానంగా పడవు, మొదటిది సాగి రెండోది ఆలస్యంగా అందుతుంది. తిశ్రంలో మొదటి రెండూ కలిపి, మూడోదాన్ని విడిగా పలికినట్టు. వేగం పెరిగేకొద్దీ ఆ తేడా తగ్గుతుంది. ఇది చెవితోనే రావాలి. చార్లీ పార్కర్ కుర్రతనంలో లెస్టర్ యంగ్ సోలోలను రికార్డులు విని నేర్చుకున్నాడు.

మన పాలకొల్లులో 1969లో పుట్టిన ఉప్పలపు శ్రీనివాస్ చదువూ అలాంటిదే. గురువు రుద్రరాజు సుబ్బరాజుగారికి మాండలిన్ రాదు. ఆయన పాడితే పిల్లవాడు తీగల మీద పట్టుకునేవాడు. ఆ వాయింపులో గొంతు వినిపించడానికి అదే కారణమని నా నమ్మకం. మామూలు మాండలిన్‌కు నాలుగు జతల తీగలు. శ్రీనివాస్ అయిదు ఒంటి తీగల ఎలక్ట్రిక్ వాద్యం ఎంచుకుని, మెట్ల వాద్యం మీద గమకాన్ని సాధించాడు. 1983లో బెర్లిన్ జాజ్ ఉత్సవంలో కర్ణాటక సంగీతం వినిపించేనాటికి అతనికి 14 ఏళ్లు. తర్వాత గిటారిస్టు జాన్ మెక్‌లాఫ్లిన్, తబలాతో జాకిర్ హుస్సేన్, కంజీరతో సెల్వగణేశ్ ఉన్న ‘రిమెంబర్ శక్తి’లో చేరాడు. 2014లో, 45 ఏళ్లకే, వెళ్లిపోయాడు. ఆ లోటు ఇంకా తీరలేదు.

ఈ మధ్య మా మధ్య తిరుగుతున్నది ఆ బృందం ‘సాటర్డే నైట్ ఇన్ బాంబే’. మెట్రోలో అమీర్‌పేట నుంచి పంజగుట్ట ఒక్క స్టేషనే, ఒక సోలో కూడా పూర్తికాదు. ఇంట్లో, మంచి స్పీకర్ల మీద, మొదటిసారి తాళవాద్యాలనే పట్టుకుని వినండి. రెండోసారి గిటార్ ఒక మాట అన్నాక మాండలిన్ దాన్ని ఎంతవరకు ఒప్పుకుందో, ఎక్కడ తన దారి పట్టిందో చూడండి. తర్వాత కలిసినప్పుడు మాట్లాడుకోవడానికి అది చాలు.