కెమెరా ఎవరి చేతిలో ఉంది?

1991లో ఎం.సి.మెహతా కేసులో సుప్రీంకోర్టు రెండు మాటలు చెప్పింది. సినిమాహాళ్ళలో పర్యావరణం మీద స్లైడ్లు ఉచితంగా వెయ్యాలి. బళ్ళలో, కాలేజీల్లో దాన్ని పాఠంగా చెప్పాలి. మంచిదే. కానీ ఆ పాఠం మా దాకా వచ్చేసరికి అందులో పులి ఉంది, అడవి ఉంది. కొర్రలూ సజ్జలూ కాపాడిన మాల, మాదిగ ఆడవాళ్ళు లేరు.

జహీరాబాద్ దగ్గర పస్తాపూర్‌లో ఈ లెక్క తిరగబడింది. డెక్కన్ డెవలప్‌మెంట్ సొసైటీ సంఘాల దళిత స్త్రీలు, చాలామంది బడి మొఖం చూడనివాళ్ళే, కెమెరా పట్టారు. బీటీ పత్తి మీద వరంగల్ రైతులకు కోపం ఎందుకొచ్చిందో 2003లో సినిమా తీసి చూపించారు. పిల్లలకు వీళ్ళ సినిమాలు చూపించాలి. జీవవైవిధ్యం అంటే దూరం పోయి చూసొచ్చే వింత కాదు, ఒకే చెలకలో జొన్నా కందీ పెసరా కలిపి విత్తే తెలివి అని అప్పుడు తెలుస్తుంది.

అయినా మేం అడగాల్సింది ఒకటుంది. విత్తనం దాచిన చేతుల్ని పొగిడేవాళ్ళు, ఆ చేతుల కింద భూమి ఎంతుందని ఎందుకడగరు? పాత పంటల పేరు చెప్పి మా పిల్లల్ని మళ్ళీ ఊరికి కట్టేస్తామంటే ఒప్పుకోం. ఊరి గొప్ప చెప్పేవాళ్ళకు 1948లోనే రాజ్యాంగ సభలో అంబేద్కర్ బదులిచ్చాడు. విత్తనం సంగతి చెప్పే సినిమా భూమి సంగతీ, కూలి సంగతీ చెప్పాల్సిందే. ఆ కెమెరా వాడ పిల్లల చేతికి రావాల్సిందే.