థియేటర్ రిజిస్టర్ నుంచి జర్నల్ దాకా

బోధనాసుపత్రిలో చేరిన కుర్ర సర్జన్‌కు పనులు మూడు: ఆపరేషన్, పాఠం, పరిశోధన. మొదటి రెండూ యూనిట్ చీఫ్ పక్కన నిలబడితే వస్తాయి. మూడోది నేర్పేవాళ్లు చాలా కాలేజీల్లో దొరకరు. ఆ లోటు తీర్చాల్సింది వృత్తి సంఘాలే.

మన దేశంలో ఆ పెద్దరికం అసోసియేషన్ ఆఫ్ సర్జన్స్ ఆఫ్ ఇండియాది. 1938లో పుట్టింది, కేంద్ర కార్యాలయం చెన్నైలో ఉంది. ఏటా జరిగే ఏసికాన్ సదస్సు, ఇండియన్ జర్నల్ ఆఫ్ సర్జరీ దానివే. రాష్ట్ర శాఖలూ వేరుగా సదస్సులు పెడతాయి. అమెరికాలో యువ అధ్యాపకుల కోసమే 1960లలో అసోసియేషన్ ఫర్ అకడమిక్ సర్జరీ వచ్చింది. పరిశోధన ఎలా మొదలుపెట్టాలో అది కోర్సులు పెట్టి మరీ చెబుతుంది. మన దగ్గర లాప్రోస్కోపీ వర్క్‌షాపులకు కొదవ లేదు. పేపర్ రాయడం నేర్పేవే తక్కువ.

కొత్త కాలేజీల సంగతే చూడండి. నంద్యాల ప్రభుత్వ మెడికల్ కాలేజీ 2023 సెప్టెంబరులో 150 సీట్లతో మొదలైంది. 1956 నాటి కర్నూలు కాలేజీకున్న సీనియర్ల వరస, పాత రికార్డులు కొత్త కాలేజీకి ఒక్క రోజులో రావు. నిబంధనలు మాత్రం అందరికీ ఒకటే. అసోసియేట్ ప్రొఫెసర్ కావాలంటే నాలుగేళ్ల సర్వీసుతో పాటు రెండు పరిశోధన పత్రాలు ఉండాలని జాతీయ వైద్య కమిషన్ 2022లో షరతు పెట్టింది.

పరిశోధనకు ముడిసరుకు కరువేమీ లేదు. ఆళ్లగడ్డ, కొత్తపల్లె వైపు నుంచి గజ్జల్లో హెర్నియాతో వచ్చే రైతునే తీసుకుంటే, థియేటర్ రిజిస్టర్‌లో అతని పేరు, వయసు, జబ్బు, మత్తు రకం, సర్జన్ పేరు ఉంటాయి. కుట్లు విప్పించుకుని వెళ్లినవాడికి ఏడాదికి హెర్నియా మళ్లీ వచ్చిందా అన్నది ఉండదు. ఫోన్ నంబరు రాసుకుని, ఎథిక్స్ కమిటీ అనుమతి ముందే తీసుకుని, ఆరు నెలలకోసారి పిలిచి చూస్తే అదే ఒక అధ్యయనం. ఇంత చిన్న సంగతి చెప్పే మనిషి లేకే చాలామంది ఒంటరి కేసు రిపోర్టుల దగ్గర ఆగిపోతారు.

సదస్సులో పేపర్ చదవడానికి దొరికేది కొద్ది నిమిషాలే. అసలు లాభం ఆ తర్వాత ముందు వరసలోంచి వచ్చే ప్రశ్నలో ఉంది: ‘ఫాలో అప్ ఎంతకాలం?’ అని. దానికి జవాబు వెతుక్కున్నవాడి పేపర్ జర్నల్‌కు వెళ్తుంది. మిగతావి సర్టిఫికెట్ చేతికొచ్చిన రోజే మూలపడతాయి. రిజిస్ట్రేషన్ ఫీజు మాత్రం అందరూ కట్టినవాళ్లే. పేపర్ చదివిన ప్రతి జూనియర్‌కూ వేరే కాలేజీ సీనియర్‌ను ఒకరిని అప్పగించి, డ్రాఫ్ట్ దిద్దించడం రాష్ట్ర శాఖకు పెద్ద ఖర్చేమీ కాదు.