మాలిష్ చేసే చేతులకు

రేసు గుర్రం బరువు దాదాపు 500 కిలోలు. మన భుజాల దగ్గరుండే జత్రుక (కాలర్ బోన్) దానికి లేదు. ముందుకాళ్లను మొండేనికి పట్టి ఉంచేది ప్రధానంగా కండరాలే. పరుగులో వాటి మీద పడే ఒత్తిడి తలచుకుంటే, గుర్రానికి మాలిష్ సోకు కాదని అర్థమవుతుంది.

నేర్పరి చెయ్యి ముందు వెతుకుతుంది. మెడ నుంచి తుంటి దాకా ఎక్కడ వేడి, ఎక్కడ బిగువు, ఎక్కడ తాకితే చర్మం అదురుతోంది? ఆ తర్వాతే నిమరడం, పిసకడం, వేళ్లతో అదిమిపట్టడం. మోకాలి కింద కండ ఉండదు కాబట్టి అక్కడ చెయ్యి తేలికపడుతుంది. వాపో కుంటో కనిపిస్తే ఆపేసి పశువైద్యుణ్ణి పిలవడం కూడా ఈ విద్యలో భాగమే.

గుర్రాలు ఒకదాని మూపు ఒకటి పళ్లతో గోక్కుంటాయి. మనిషి ఆ చోట గోకినా వాటి గుండె వేగం తగ్గుతుందని 1993లో వెలువడిన ఒక పరిశోధన చూపింది. హాయి కలిగితే గుర్రం తల దించుతుంది, కింది పెదవి వదులవుతుంది. అబద్ధమాడని మెప్పు అది.

మలక్‌పేట రేసుకోర్సులో గెలుపు పేరు జాకీది, యజమానిది. గుర్రాన్ని రోజూ తోమి, కాళ్లు రుద్ది నిలబెట్టే సైసులకూ ఆ చప్పట్లలో వాటా దక్కాలి.