వేలం మర్నాటి మార్కులు

ప్రో కబడ్డీ వేలం ముగిసిన మర్నాడు పొద్దున్నే ఎవరు ఎంతకు పోయారో చదివి, జట్లకు మార్కులు వేసేయడం మనకు అలవాటు. తెలుగు టైటాన్స్ ఎవరినైనా కోట్లు పోసి కొంటే చాలు, ఈసారి కప్పు మనదే అనేస్తాం. నేనైతే ఒక కాగితం మీద మ్యాట్ గీసుకుని ఏడు చుక్కలు పెడతాను. రెండు కార్నర్లు, రెండు కవర్లు, మిగతావి రైడర్లవి. కొన్నవాళ్ల పేర్లు ఒక్కో చుక్క దగ్గర రాసుకుంటూ పోతే, ఎక్కడ పేరు దొరకలేదో అక్కడే జట్టు జాతకం ఉంటుంది.

ఈ పిచ్చి నాకు బాస్కెట్‌బాల్ అంటించింది. సికింద్రాబాద్‌లో పెరిగినవాళ్లకు ఆ ఆట పరాయిది కాదు. వైఎంసీఏ కోర్టు ఉంది, మిషనరీ స్కూళ్ల సిమెంటు కోర్టులున్నాయి, రైల్వే జట్లున్నాయి. కాకపోతే మన దగ్గర మంచి ఆటగాడు జట్టు మారడమంటే స్పోర్ట్స్ కోటాలో ఉద్యోగం రావడమే. రైల్వేలో చేరితే ఇక రిటైరయ్యేదాకా రైల్వేయే. వేసవి వచ్చిందంటే ఎవరు ఏ జట్టుకు పోతారోనన్న ఉత్కంఠ చూడాలంటే అమెరికా ఎన్‌బీఏ వైపు చూడాల్సిందే. మా బావమరిది ఉండేది డాలస్‌లో. అక్కడి తెలుగువాళ్లలో చాలామందిలాగే అతనూ మావరిక్స్ అభిమాని. 2022 వేసవిలో ఆ జట్టు జాలెన్ బ్రన్సన్‌ను నిలుపుకోలేకపోయింది. నాలుగేళ్లకు 10.4 కోట్ల డాలర్లిచ్చి న్యూయార్క్ నిక్స్ అతన్ని ఎగరేసుకుపోయింది. డాలస్‌కు బదులుగా ఒక్క ఆటగాడూ రాలేదు. "బావా, మనోళ్లు కొత్తగా ఎవర్ని తెచ్చారో చూశావా?" అని మా వాడు అప్పుడు ఫోన్లో మురిసిపోయాడు. వచ్చినవాళ్ల లెక్క అందరూ రాస్తారు, పోయినవాళ్ల లెక్క ఎవరూ రాయరు. బ్రన్సన్ నాయకత్వంలో నిక్స్ 2025లో ఈస్ట్ ఫైనల్స్ దాకా వెళ్లింది.

అయితే ఒక్క స్టార్‌తో జట్టును తూచే ఎన్‌బీఏ కొలబద్దను తెచ్చి కబడ్డీకి పెడితే కుదరదు. బాస్కెట్‌బాల్‌లో కోర్టు మీద ఉండేది ఐదుగురే. 48 నిమిషాల ఆటలో స్టార్ సుమారు 35 నిమిషాలు ఆడతాడు. షాట్ పోయినంత మాత్రాన అతన్ని ఎవరూ బయట కూర్చోబెట్టరు. అందుకే అక్కడ ఒక్కడి మీద అంత డబ్బు పెట్టడంలో అర్థముంది. కబడ్డీలో రైడర్ పట్టుబడితే బయటికి పోవాల్సిందే. అతను మళ్లీ మ్యాట్ మీద అడుగు పెట్టాలంటే మిగిలినవాళ్లు అవతలివాణ్ని ఔట్ చేయాలి. బోనస్ పాయింట్ తెచ్చినా ఎవరూ లేచి రారు. పైగా ఔటైన వరసలోనే లోపలికి రావాలి. స్టార్‌ కంటే ముందు ఇద్దరు పోయి ఉంటే ముందు ఆ ఇద్దరూ రావాలి. ఈలోపు ఆలౌట్ అయితే అందరూ తిరిగొస్తారు కానీ, అవతలి జట్టుకు రెండు పాయింట్లు అదనంగా సమర్పించుకోవాలి.

టైటాన్స్ వేలం చరిత్రను ఈ నిబంధనను దృష్టిలో పెట్టుకుని చదవండి. 2019లో మన రైడర్ రాహుల్ చౌదరి 94 లక్షలకు తమిళ్ తలైవాస్‌కు పోతే, మనం 1.45 కోట్లు పెట్టి సిద్ధార్థ్ దేశాయ్‌ను తెచ్చుకున్నాం. ఆ వేలంలో అందరికంటే ఖరీదైన ఆటగాడు అతనే. జట్టు మాత్రం పట్టికలో అడుగు భాగానే ఉంది. ఎనిమిదో సీజన్లో దేశాయ్ గాయపడ్డాడు, 22 మ్యాచ్‌ల్లో మనం గెలిచింది ఒకటి. తొమ్మిదో సీజన్లో రెండు.

2023 అక్టోబర్‌లో పవన్ సెహ్రావత్ కెప్టెన్సీలో భారత్ హాంగ్‌ఝౌ ఏషియాడ్‌లో స్వర్ణం గెలిచింది. రెండు రోజులకే ముంబైలో వేలం. పవన్‌కు 2.605 కోట్లు, అప్పటికి లీగ్ రికార్డు, పెట్టింది టైటాన్స్. జట్టు మొత్తానికి ఉన్న పర్సు 5 కోట్లు. అంటే సగానికి పైగా ఒక్కడికే పోయింది. చిలకలగూడలో మేం టీ తాగే చోటికి ఒక రిటైర్డ్ రైల్వే అన్న వస్తాడు. వయసులో ఉన్నప్పుడు కార్నర్ ఆడినవాడు. వంగిపోయిన వేళ్లు చూస్తే ఎన్ని కాళ్లు పట్టాడో తెలుస్తుంది. ఊరంతా సంబరపడుతుంటే ఆయన ఒక్కటే మాటన్నాడు: "మంచిగనే ఉంది గానీ తమ్మీ, ఆడు బయట కూసున్నప్పుడు ఆన్ని లోపలికి తెచ్చేదెవలు?"

పవన్ తన పని తాను చేశాడు. 200కు పైగా రైడ్ పాయింట్లు తెచ్చాడు. జట్టు మళ్లీ రెండే గెలిచి, వరసగా మూడోసారి అట్టడుగున నిలిచింది. అదే వేలంలో పుణేరి పల్టన్ 2.35 కోట్లిచ్చి ఇరాన్ ఆటగాడు మొహమ్మద్‌రెజా షాద్లూను కొన్నది. ఖర్చు చూస్తే అదీ ఇదీ ఒకటే. కానీ పుణే అప్పటికే అస్లం ఇనామ్‌దార్, మోహిత్ గోయత్ లాంటి కుర్రాళ్లను కొన్నేళ్లుగా పెంచుకుంటూ వచ్చింది. షాద్లూ వచ్చి నిలబడ్డది సిద్ధంగా ఉన్న ఇంటి ఎడమ కార్నర్‌లో. ఫైనల్లో హర్యానాను ఓడించి పుణే కప్పు ఎత్తింది, అదీ మన గచ్చిబౌలిలోనే, 2024 మార్చి 1న. ఆ రోజు మన ఊళ్లో పరాయి జట్టుకు చప్పట్లు కొట్టాల్సి రావడం కొంచెం కష్టంగానే అనిపించింది.

తర్వాతి ఏడాది యాజమాన్యం పవన్‌ను 1.725 కోట్లకు తిరిగి తీసుకుంది. అదే వేలంలో విజయ్ మలిక్‌ను కేవలం 20 లక్షలకు పట్టుకుంది. పవన్ గాయంతో తప్పుకున్నప్పుడు విజయ్ బండి లాగాడు, జట్టు ఏడో స్థానానికి ఎగబాకింది. నన్నడిగితే టైటాన్స్ చరిత్రలో అన్నిటికంటే తెలివైన కొనుగోలు ఆ 20 లక్షలది. ఆ రోజు పేపర్లో దానికి ఒక్క లైను దక్కినట్టు గుర్తులేదు.

2025లో పవన్‌ను వదులుకోవడంతో అభిమానులు భగ్గుమన్నారు. అతను 59.5 లక్షలకు తలైవాస్‌కు వెళ్లాడు. టైటాన్స్ 81 లక్షలకు భరత్ హుడాను తెచ్చుకుని, విజయ్‌ను 51.5 లక్షలకు నిలుపుకుంది. ఇద్దరిదీ కలిపితే 1.325 కోట్లు, అంటే ఒకప్పుడు పవన్ ఒక్కడి మీద పెట్టినదాంట్లో సుమారు సగం. మిగిలిన డబ్బు డిఫెన్స్‌కు పనికొచ్చింది. కుడి కార్నర్‌కు శుభమ్ షిండే వచ్చాడు. ఒక రైడర్ బెంచీ మీద ఉంటే ఇంకొకడు వెళ్లి అతన్ని లేపుకొచ్చాడు. 2016 తర్వాత మొదటిసారి టైటాన్స్ ప్లేఆఫ్స్ చేరి, పట్నాను ఇంటికి పంపి, రెండో క్వాలిఫయర్‌లో పుణే దగ్గర ఆగి, మూడో స్థానంతో ముగించింది. పవన్, అర్జున్ దేశ్వాల్ ఇద్దరినీ కొన్న తలైవాస్ ప్లేఆఫ్స్ గడప తొక్కలేదు.

ఇందులో అదృష్టం పాలు లేదని అనను. ఎవరి మోకాలు ఎప్పుడు మొరాయిస్తుందో ఏ కాగితమూ చెప్పదు. 2022లో 2.265 కోట్లు పెట్టిన తలైవాస్‌కు పవన్ మొదటి మ్యాచ్‌లోనే గాయపడి సీజన్ మొత్తానికీ దూరమయ్యాడు. అందులో కొన్నవాళ్ల తప్పేముంది? అలాంటి ఏడాది మార్కులు కోయడం అన్యాయం.

2023 నాటి పదో సీజన్ వేలానికి నేను పదికి మూడు వేస్తాను, 2025 నాటి పన్నెండో సీజన్‌కు ఎనిమిది. ఆ తగ్గిన రెండూ ఎందుకంటే, కార్నర్, కవర్ ఒకరి చెయ్యి ఒకరికి అలవాటు పడి గొలుసు బిగియడానికి ఒక్క సీజన్ చాలదు, మన దగ్గరేమో డిఫెండర్లు నిలవరు. టైటాన్స్ యాజమాన్యానికి విన్నపం ఒక్కటే: వచ్చే వేలంలో ఏ పెద్ద పేరు ఊరించినా, ఇప్పుడున్న డిఫెన్స్‌ను కనీసం మూడు సీజన్లు చెదరగొట్టకండి.