తనపై తాను సాక్షి: యువజన నవలలో అస్తిత్వం, న్యాయం

కర్నూలు జిల్లా పడమటి భాగంలో, ఎమ్మిగనూరుకు చేరువగా, తుంగభద్రకు దక్షిణాన నందవరం ఉన్నది. ఒకవైపు ఆదోని పత్తి మార్కెట్టు, మరొకవైపు ఎమ్మిగనూరు మగ్గాలు. ఈ ప్రాంతపు ముస్లింలలో ఇంట ఉర్దూ మాట్లాడేవారు కొందరు, ఇంటా బయటా తెలుగే మాట్లాడే దూదేకులవారు కొందరు. తెలుగు బడికి పోయే ఈ రెండు వర్గాల పిల్లలనూ పదిహేనేళ్ళ ప్రాయంలో ఒకే ప్రశ్న పట్టుకుంటుంది: నేనెవరిని? ఇంట్లో పిలిచే పేరు ఒక తీరు, బడిలో హాజరు పిలిచినప్పుడు వినబడే పేరు మరొక తీరు. మస్జిదులో నిలబడినప్పటి మనసు ఒకటి, సంతలో నిలబడినప్పటి మనసు మరొకటి. ఈ ప్రశ్నకు పాఠ్యపుస్తకంలో జవాబు లేదు. దానిని ఓపికగా విని, ఒక జీవితం పొడుగునా నడిపించి చూపగల సాహిత్య ప్రక్రియ నవల.

పాశ్చాత్య దేశాలలో ఈ వయసువారి నవల ఒక ప్రత్యేక శాఖగా ఎదిగింది. 1967లో అమెరికాలో ఎస్.ఇ. హింటన్ పద్దెనిమిదేళ్ళ వయసులో ప్రచురించిన 'ది ఔట్‌సైడర్స్' ఈ శాఖకు బలమైన పునాది వేసిందని విమర్శకులు చెబుతారు. అప్పటినుండి ఈ నవలలు ఎన్ని దారులు తొక్కినా వాటి కేంద్రంలో ఉండేవి మూడే: అస్తిత్వం, న్యాయం, ఆత్మాన్వేషణ. ఈ మూడింటికీ పరస్పర సంబంధం ఏమిటన్నదే ఇక్కడ పరిశీలించదగిన విషయం.

కొలబద్ద ఏది?

యువకుడు కథానాయకుడు కావడం ముస్లిం పాఠకునికి కొత్త కాదు. దివ్య ఖుర్ఆన్‌లో విగ్రహాలను ప్రశ్నించిన ఇబ్రాహీం (అలైహిస్సలాం)ను ప్రజలు ఒక యువకునిగానే పేర్కొన్నారు. అల్ కహఫ్ సూరాలో గుహను ఆశ్రయించినవారూ యువకులే. యూసుఫ్ (అలైహిస్సలాం) వృత్తాంతం బాల్యంలో కన్న కలతో మొదలై బావి, బానిసత్వం, అపనింద, చెరసాల మీదుగా సాగుతుంది. అందులో ఒక ఘట్టం ప్రత్యేకంగా గమనించదగినది. రాజు పిలుపు వచ్చినా యూసుఫ్ వెంటనే చెరసాల విడిచి రాలేదు. తనపై మోపిన నింద సంగతి ముందు విచారించమన్నారు. ఆయన కోరినది విడుదల మాత్రమే కాదు, సత్యం వెల్లడి కావడం. తరువాత అధికారం చేతికి వచ్చి, అన్నలు దీనులై ఎదుట నిలిచినప్పుడు పగ తీర్చుకోలేదు.

అన్ నిసా సూరా 135వ ఆయత్ ఈ విషయంలో మరొక మెట్టు పైకి తీసుకుపోతుంది. విశ్వాసులు న్యాయం పక్షాన గట్టిగా నిలవాలి; ఆ సాక్ష్యం తమకుగాని, తల్లిదండ్రులకుగాని, బంధువులకుగాని వ్యతిరేకమైనా వెనుదీయరాదని దాని భావం. తనకు జరిగిన అన్యాయాన్ని గుర్తించడం ఆత్మజ్ఞానంలో సగమే. తనవల్ల, తనవారివల్ల ఇతరులకు జరిగిన అన్యాయాన్ని గుర్తించడం మిగిలిన సగం. యువజన నవలను తూచడానికి ఇంతకంటె మేలైన కొలబద్ద దొరకదు. మొదటి సగంతోనే ఆగిపోయిన నవల పాఠకునికి ఫిర్యాదు నేర్పుతుంది. రెండవ సగం కూడా నడిచిన నవల వ్యక్తిత్వం నేర్పుతుంది.

కుంటా కింటే కథ

తెలుగు యువకుని చేతికి సులభంగా అందిన నవలలలో ముస్లిం బాలుడు నాయకుడుగా ఉన్నది ఒకటి ఉంది. అలెక్స్ హేలీ 1976లో వెలువరించిన 'రూట్స్'కు సహవాసి చేసిన సంక్షిప్తానువాదం 'ఏడు తరాలు'. హైదరాబాద్ బుక్ ట్రస్ట్ ప్రచురించిన ఈ పుస్తకాన్ని తెలుగునాట రెండు మూడు తరాలవారు చదివారు. చాలామంది దీనిని నల్లజాతి బానిసత్వ గాథగానే గుర్తుంచుకున్నారు. కుంటా కింటే గాంబియా దేశపు జుఫూరే గ్రామంలో నమాజు, ఖుర్ఆన్ చదువుల మధ్య పెరిగిన మాండింకా ముస్లిం బాలుడన్న సంగతి అంతగా చర్చకు రాలేదు.

కుంటా నామకరణ ఘట్టం మూలంలో ఎంతో శ్రద్ధగా చిత్రించబడింది. ఎనిమిదవ రోజున తండ్రి ఒమొరో శిశువు పేరును మొదట శిశువు చెవిలోనే చెబుతాడు. ఎవరి పేరు వారే ముందుగా వినాలన్నది ఆ జాతి ఆచారం. పుట్టిన బిడ్డ చెవిలో అజాన్ వినిపించే ఇంట పెరిగిన పాఠకునికి ఈ ఘట్టం పరాయిదిగా తోచదు. పదిహేడేళ్ళ వయసులో, డోలు చేసుకోవడానికి కర్ర కోసం అడవికి వెళ్ళిన కుంటాను పట్టుకుని 1767లో ఓడ ఎక్కిస్తారు. అమెరికాలో యజమాని అతనికి 'టోబీ' అని పేరు పెడతాడు. ఆ పేరును మనసులో ఒప్పుకోకపోవడమే కుంటా జీవితమంతా సాగించిన పోరాటం. నాలుగుసార్లు పారిపోవడానికి ప్రయత్నించి చివరకు ఒక పాదం పోగొట్టుకుంటాడు. పాదం తెగినా పేరు తెగలేదు. కూతురు కిజ్జీకి తన భాషలోని మాటలు నేర్పి, వాటి మూలంగా వంశానికి దారి చూపుతాడు.

అస్తిత్వం ఎట్లా నిలబడుతుందో చూపడంలో ఈ నవలకు సాటివచ్చేవి తక్కువ. అయినా పైన చెప్పిన కొలబద్దతో చూస్తే ఒక వెలితి కనబడుతుంది. జుఫూరేలో కూడా బానిసలున్నారు. బాలుడైన కుంటా వారి గురించి తండ్రిని అడుగుతాడు. స్వగ్రామపు బానిసలకు హక్కులున్నాయని, వారిని గౌరవంగా చూస్తారని తండ్రి నచ్చజెబుతాడు. నవల ఆ సమాధానంతోనే తృప్తిపడుతుంది. తెల్లవారికి మనుషులను పట్టి ఇచ్చిన నల్లవారు కథలో ఉన్నారు గాని, వారు అంతరాత్మ లేని నీడలుగా మిగిలిపోయారు. సంకెళ్ళలో పడిన తరువాత కుంటా తన ఊరి బానిసలను కొత్త కళ్ళతో తలచుకుని ఉంటే, ఈ నవల మరింత ఎత్తుకు పోయేది. తన ఊరిని స్వర్గంగా చూపవలసిన అవసరం రచయితను కట్టివేసింది. ఇతర గ్రంథం నుండి కొన్ని భాగాలు తీసుకున్నారన్న వ్యాజ్యం 1978లో హేలీ పరిహారం చెల్లించడంతో రాజీపడింది. వంశచరిత్రగా ఈ పుస్తకం ప్రామాణ్యాన్ని పరిశోధకులు ప్రశ్నించారు. నవలగా దాని బలం వాటివల్ల తగ్గలేదు గాని, చరిత్రగా చదవరాదని యువకులకు చెప్పవలసి ఉంది.

ముగ్గురు యువకులు

21వ శతాబ్దిలో ఆంగ్లంలో ముస్లిం రచయితలే ముస్లిం యువత గురించి రాసిన నవలలు పెరిగాయి. వాటిలో మూడు ఈ చర్చకు ముఖ్యమైనవి.

ఆస్ట్రేలియాకు చెందిన రండా అబ్దెల్ ఫత్తాహ్ 2005లో ప్రచురించిన నవలలో అమల్ అనే పదహారేళ్ళ బాలిక ఎప్పుడూ హిజాబ్ ధరించాలని తనంతట తానే నిశ్చయించుకుంటుంది. బడిలో, వీధిలో ఎదురయ్యే చూపులను హాస్యంతో తట్టుకుంటుంది. ఇంతవరకే ఉంటే ఇది సాధారణ కథ. కాని అమల్ స్నేహితురాలు లైలా చదువుకోవాలని తపిస్తుంటే, తల్లి ఆమెకు పెళ్ళి చేసి పంపాలని తొందరపడుతుంది. అది ధర్మమని ఆ తల్లి నమ్మకం. ఆచారాన్ని ధర్మమని పొరబడిన ఇంటిని రచయిత్రి దాచిపెట్టలేదు. హిజాబ్ ధరించే హక్కు కోసం నిలబడిన బాలికే, చదువుకునే హక్కు కోసం స్నేహితురాలి పక్షానా నిలబడుతుంది.

కెనడా రచయిత్రి ఎస్.కె. అలీ 2017లో ప్రచురించిన 'సెయింట్స్ అండ్ మిస్‌ఫిట్స్' ఇంకా కఠినమైన దారి తొక్కింది. పదిహేనేళ్ళ జన్నాపై అత్యాచారయత్నం చేసినవాడు ఖుర్ఆన్ కంఠస్థం చేసినవాడుగా మస్జిదులో గౌరవం పొందుతున్న యువకుడు, పైగా ఆమె స్నేహితురాలికి బంధువు. చెబితే ఎవరు నమ్ముతారు? సమాజం పరువు ఏమవుతుంది? ఈ రెండు ప్రశ్నల మధ్య జన్నా నలిగిపోతుంది. రచయిత్రి ధర్మాన్ని దోషిగా నిలబెట్టలేదు. ధర్మం ముసుగు వేసుకున్నవాడిని నిలబెట్టింది. జన్నాకు ఆసరాగా నిలిచినవారిలో నిఖాబ్ ధరించే యువతి కూడా ఉన్నది. వేషం చూసి మనిషిని తూచే పాఠకునికి, అతడు ఏ పక్షంవాడైనా, ఈ పాత్రచిత్రణ చెంపపెట్టు.

మూడవది 2020లో ఇబీ జోబోయ్, యూసుఫ్ సలాం కలిసి వచన కవితారూపంలో రాసిన 'పంచింగ్ ది ఎయిర్'. యూసుఫ్ సలాం 1989లో న్యూయార్కులో, పదిహేనేళ్ళ వయసులో, చేయని నేరానికి అరెస్టయి సుమారు ఏడేళ్ళు నిర్బంధంలో గడిపినవాడు. 2002లో ఆ తీర్పు రద్దయింది. ఈ నవలలోని నాయకుని పేరు కూడా అమల్. ఆశ అని అర్థం. ఒక కొట్లాటలో తెల్లజాతి బాలుడు స్పృహ కోల్పోతాడు, అమల్‌కు శిక్ష పడుతుంది. మొదటి దెబ్బ కొట్టినది తానేనని అమల్ ఒప్పుకుంటాడు. ఆ బాలుణ్ణి పడగొట్టిన చివరి దెబ్బ మాత్రం తనది కాదు. చేసినంతకు తానే సాక్షి, చేయనిదానికి న్యాయార్థి. నిరపరాధిగా చెర అనుభవించిన మనిషి తన నాయకుణ్ణి మచ్చలేనివాడుగా చిత్రించకపోవడం ఈ నవల గొప్పతనం. పైన చెప్పిన కొలబద్దకు ఈ మూడింటిలో పూర్తిగా సరితూగేది ఇదే.

తెలుగు కథ వేసిన బాట

తెలుగులో ముస్లిం జీవితం ప్రధానంగా కవితలోనూ కథలోనూ పలికింది. సలీం 'వెండి మేఘం' వంటి నవలలు ఉన్నా, బాల్య కౌమారాల అనుభవానికి కథే ఆశ్రయమిచ్చింది. మహమ్మద్ ఖదీర్‌బాబు 'దర్గామిట్ట కతలు' 1999లో పుస్తకంగా వచ్చింది. నెల్లూరు యాసలో ఒక పేద ముస్లిం ఇంటి పిల్లవాడు తన ఇంటిని నవ్వుతూ చూపించాడు. ఆ పిల్లవాణ్ణి ఎవరూ పరాయివాడనుకోలేదు. రాయలసీమ నుండి వేంపల్లె షరీఫ్ 2011లో 'జుమ్మా' వెలువరించి, 2012లో కేంద్ర సాహిత్య అకాడమీ యువ పురస్కారం అందుకున్నాడు. శీర్షిక కథలో, శుక్రవారం నమాజుకు తప్పక పొమ్మని కొడుకును పెంచిన తల్లి, 2007 మే 18న హైదరాబాదు మక్కా మస్జిద్‌లో జరిగిన పేలుడు తరువాత, మస్జిదుకు పోవద్దని చెప్పవలసిన స్థితికి వస్తుంది. ఒక తల్లి భయంలో ఒక సమాజపు గాయాన్ని చూపిన కథ ఇది.

అయితే కథ ఒక క్షణాన్ని పట్టుకుంటుంది. ఎదుగుదలను పట్టుకోవడం నవల పని. ఖదీర్‌బాబు పిల్లవాడు మనకు పిల్లవాడుగానే గుర్తుంటాడు. షరీఫ్ కథలోని కొడుకు ఆ మరుసటి శుక్రవారం ఏ దారి పట్టాడు? ఆ పేలుడు తరువాత హైదరాబాదులో నిర్బంధానికి గురై, నేరం రుజువు కాక బయటపడిన యువకులు మళ్ళీ ఎట్లా నిలదొక్కుకున్నారు? ఈ ప్రశ్నలు నవల కోసం ఎదురుచూస్తున్నాయి.

రాయవలసిన నవల

అటువంటి నవలకు నందవరం, ఆదోని ప్రాంతం తగిన భూమి. వాన తప్పిన ఏడు ఇక్కడి కుటుంబాలు సుగ్గికని, మిరపకాయల కోతకని గుంటూరు వైపు పోతాయి. పిల్లల బడి సగంలో ఆగిపోతుంది. సంకర పత్తి విత్తన చేలలో క్రాసింగ్ పనికి బడి ఈడు ఆడపిల్లలను పెట్టుకోవడం కర్నూలు జిల్లాలో 2000 ప్రాంతంలో విస్తృతంగా వెల్లడైంది. ఇవి మతంతో పనిలేకుండా పేదలందరికీ చెందిన అన్యాయాలు. ముస్లిం యువకుడు తన అస్తిత్వాన్ని వెదుక్కుంటూ పొరుగు కులాల పిల్లల ఆకలిని చూడకుండా పోతే, ఆ వెదుకులాట అద్దం ముందు నిలబడటమే అవుతుంది.

ఇక ఇంటి లోపలి సంగతి. పత్తి ఏకి, దూది చేసి, ఊరందరికీ పరుపులు కుట్టిన దూదేకులవారిని, ఉర్దూ రాదన్న కారణంగా, కొన్ని పేర్లూ ఆచారాలూ వేరన్న కారణంగా తక్కువగా చూడటం, వియ్యానికి వెనుకాడటం దాచినా దాగని నిజం. అరబ్బుకు అరబ్బేతరునిపై ఆధిక్యం లేదని అంతిమ హజ్ సందర్భంగా మహాప్రవక్త (స) చాటిన సమాజంలో, ఉర్దూకు తెలుగుపై ఆధిక్యం ఎక్కడినుండి వచ్చింది? నందవరం నేపథ్యంలో రాసే యువజన నవల బయటివారి అనుమానపు చూపులను చిత్రించి, ఈ చూపును విడిచిపెడితే అది సగం సాక్ష్యమే.

దీనికొక అభ్యంతరం వినిపిస్తుంది. ఇప్పటికే అనుమానాల నడుమ బతుకుతున్న సమాజం తన లోపాలను తానే బయటపెట్టుకుంటే, విరోధుల చేతికి ఆయుధం ఇచ్చినట్లు కాదా? ఈ భయం తీసిపారేయదగినది కాదు. బయటివారి మెప్పు కోసం సొంత ఇంటిని ఎగతాళి చేసే రచనలు లేకపోలేదు, వాటిని సాక్ష్యమనరాదు. కాని పరువు పేరిట మౌనం వహిస్తే మూల్యం చెల్లించేది జన్నా వంటి ఆడపిల్ల, వియ్యానికి పనికిరాడనిపించుకున్న దూదేకుల యువకుడు. సోదరుడు దౌర్జన్యం చేస్తున్నప్పుడు అతని చేయి పట్టి ఆపడమే అతనికి చేసే సాయమని ప్రవక్త (స) బోధించారు. ఇంటిలో నిలబడి, ఇంటి మేలు కోరి చెప్పే మాటకు, గడప దాటి నిలబడి విసిరే మాటకు ఉన్న తేడాను పాఠకుడు ఇట్టే పసిగడతాడు.

కాబట్టి యువజన నవల చేతికి వచ్చినప్పుడు తల్లిదండ్రులు, ఉపాధ్యాయులు, మస్జిదు గ్రంథాలయాలు నడిపేవారు అడగవలసిన ప్రశ్న ఇందులో ముస్లిం పాత్ర ఉన్నదా అని మాత్రమే కాదు. ఆ పాత్ర తన హక్కు అడిగినంత గట్టిగా తన తప్పు ఒప్పుకున్నదా అని కూడా. కుంటా తన పేరును ప్రాణంగా కాపాడుకున్నాడు. అమల్ తన మొదటి దెబ్బను ఒప్పుకున్నాడు. ఈ రెండు గుణాలూ ఒకే యువకునిలో, తెలుగు మాట్లాడే యువకునిలో కలిసిన నవలను రాయగలవాడు బహుశా ఈనాడు నందవరం బడిలోనే, హాజరు పుస్తకంలో తప్పుగా రాసిన తన పేరును చూసుకుంటూ కూర్చుని ఉండవచ్చు. అతనికి ముందుగా మంచి నవలలు అందించడం పెద్దల బాధ్యత.