ఇరవై పళ్లు, ఒక బ్రష్

1989లో జపాన్ ఆరోగ్య శాఖ, అక్కడి దంతవైద్యుల సంఘం కలిసి '8020' అన్నాయి: ఎనభై ఏళ్లకు ఇరవై సొంత పళ్లు. 2016లో ఇంగ్లండ్‌లోని నైస్ సంస్థ, సంరక్షణ గృహాల్లో ఉండేవారి నోటి ఆరోగ్యంపై ఎన్.జి.48 అనే మార్గదర్శకం తెచ్చింది. మొదటిది నినాదం, రెండోది పనుల చిట్టా. ఇట్టే నోటికొచ్చేది మొదటిదే. ఫలితమూ చిన్నది కాదు, 2016 నాటి సర్వేకి ఆ వయసువారిలో సగం మంది గీత దాటారు.

ఆ ఇరవై పళ్ల పెద్దాయనకు పక్షవాతం వచ్చి కుడిచెయ్యి పడిపోతే? చిగుళ్లు జారిన చోట పంటి వేరు పుచ్చుతుంది. రకరకాల మాత్రలతో నోరెండి, ఆ పుచ్చు ఇంకా త్వరగా పాకుతుంది. నోట్లోని క్రిములు నిద్రలో ఊపిరితిత్తుల్లోకి జారితే న్యుమోనియా. కాపాడుకున్న పళ్లన్నీ ఇప్పుడు ఇంకొకరు తోమాల్సినవే. 8020 ఇక్కడ మాట్లాడదు.

మాట్లాడిందీ జపానే. యొనెయామా బృందం 11 వృద్ధాశ్రమాల్లో రెండేళ్లు గమనించి 1999లో లాన్సెట్ వైద్య పత్రికలో రాసింది: భోజనమయ్యాక సిబ్బంది నోరు శుభ్రం చేసినవారిలో 11 శాతం మందికి, చేయనివారిలో 19 శాతం మందికి న్యుమోనియా వచ్చింది. పళ్లు లేనివారికీ మేలు జరిగింది. అంటే నడవలేని వయసులో అసలు లెక్క పళ్లది కాదు.

ఎన్.జి.48 పట్టుకున్నది ఇదే. గృహంలో చేరగానే నోరు చూడమంటుంది, చూసింది సంరక్షణ పత్రంలో రాయమంటుంది. రోజుకు రెండుసార్లు ఫ్లోరైడ్ పేస్టు, రాత్రి కట్టుడు పళ్లు తీయడం, పెద్దవారు నోరు తెరవనంటే ఏం చేయాలో సిబ్బందికి తెలిసుండటం కూడా అందులో ఉన్నాయి. వచనం పొడిపొడిగానే ఉంటుంది. ప్రతి పనికీ చేసేవాళ్లున్నారు కాబట్టి నా ఓటు దీనికే. (మన ఇళ్లలో మాత్రలు వేళకు అందించేవాళ్లలో, నాన్న నోట్లోకి టార్చి వేసి చూసేవాళ్లెంతమంది?)

అయితే ఆ రాతను చదివిందెవరు? 2019లో ఇంగ్లండ్ తనిఖీ సంస్థ సీక్యూసీ వెళ్లిన గృహాల్లో 52 శాతానికి నోటి ఆరోగ్యంపై విధానమే లేదు. జపాన్ నినాదం జనంలోకి వెళ్లింది గానీ మంచం దాకా రాలేదు. ఇంగ్లండ్ కాగితం మంచం కోసమే పుట్టినా అప్పటికి చాలాచోట్ల ఆఫీసు గదిలోకే చేరలేదు.