గురికి కొలత ఉన్నది, జట్టుకో?

దిల్‌సుఖ్‌నగర్ వీధులలో నడచువారికి మొదట కంటబడునవి శిక్షణ సంస్థల బోర్డులు. బోర్డుమీద ఫొటోలు, ఫొటోల క్రింద ర్యాంకులు. ఒక విద్యార్థికి ఒక అంకె. ఇందులో ఆక్షేపింపవలసినది లేదు. పరీక్ష వ్రాయువాడు ఒంటరిగనే వ్రాయును గనుక ఒంటరిగనే కొలువబడును. అచ్చటినుండి ఎల్.బి.నగర్ కూడలి దాటి సాగర్ రోడ్డున పోయినచో ఇబ్రహీంపట్నము వచ్చును. 2008 నాటి ముంబయి దాడుల తరువాత ఎన్.ఎస్.జి. అను జాతీయ భద్రతా దళమునకు ఏర్పడిన ప్రాంతీయ కేంద్రములలో ఒకటి ఆ ప్రాంతముననే ఉన్నది. 2013 ఫిబ్రవరి 21న జంట పేలుళ్ళను చూచిన దిల్‌సుఖ్‌నగర్ వారికి ఇటువంటి దళములు ఎందులకో వేరుగ చెప్పనక్కరలేదు. కాని ఐదుగురు సిపాయిలు ఒక గదిలోనికి ఒక్కసారిగ చొరబడునప్పుడు, వారి ఐదు ర్యాంకులను కూడినంతమాత్రమున ఏమి తేలును?

సైనిక శిక్షణకు యంత్రములు తయారుచేయుట ఈ నగరమునకు కొత్త కాదు. ఎల్.బి.నగర్‌లో మెట్రో ఎక్కి ఎర్రగడ్డలో దిగినవారికి సనత్‌నగర్ పారిశ్రామికవాడ దగ్గరనే. 1993లో స్థాపితమైన జెన్ టెక్నాలజీస్ అను సంస్థ అచ్చటిదే. తుపాకి, ట్యాంకు సిమ్యులేటర్లను తయారుచేయుచున్నది. సిమ్యులేటరు అనగా నిజమైన పరిస్థితిని అనుకరించు యంత్రము. ఇటువంటి యంత్రములలోని సూత్రము సులభమే. తుపాకినుండి గుండుకు బదులు కంటికి కనబడని పరారుణ కిరణము వెలువడును. అది తెరమీద పడిన చోటును కెమెరా పట్టుకొని కంప్యూటరుకు తెలుపును. గురి కుదిరినదా, ట్రిగ్గరు నొక్కునప్పుడు చేయి కదలినదా, లక్ష్యము కనబడిన ఎన్ని సెకండ్లకు కాల్చినాడు, ఇవన్నియు లెక్కకు వచ్చును. ఆరుబయట విన్యాసములకు మరియొక పద్ధతి కలదు. తుపాకికి లేసరు, ఒంటిమీద గ్రాహకములు ఉండును. కిరణము తగిలినవాడు చనిపోయినట్లు లెక్క. అమెరికా సైన్యము 1980 ప్రాంతమున మైల్స్ అను పేరుతో దీనిని వాడుకలోనికి తెచ్చినది. గుండు ఖర్చు తగ్గినది. ‘నిన్ను కాల్చితిని’, ‘లేదు, తగలలేదు’ అను పిల్లలాట తగవు కూడ తీరినది.

ఇంతవరకు మెచ్చవలసినదే. చిక్కు తరువాత వచ్చును. యంత్రమిచ్చిన అంకెలకు సగటు తీసి, దానినే జట్టు సామర్థ్యమని పిలుచు అలవాటు సులువుగ పుట్టును. ఐదుగురిలో ఒకడు గొప్ప గురికాడైనచో, మిగిలిన నలుగురు ఒకరి మాట ఒకరు వినకపోయినను మొత్తము బాగుండును. శత్రువు పాత్ర ధరించినవారు ఆనాడు అలసియున్నను బాగుండును.

సరియైన అంకెలు యంత్రములో ఉండగనే జట్టు తప్పటడుగు వేయుట 1988 జులై 3న ప్రపంచము చూచినది. అమెరికా యుద్ధనౌక విన్సెన్స్, బందర్ అబ్బాస్ నుండి దుబాయి పోవుచున్న ఇరాన్ ఎయిర్ 655 విమానమును యుద్ధవిమానమని భ్రమించి క్షిపణులతో కూల్చినది. 290 మంది మరణించిరి. ఆ నౌకలోని ఏజిస్ రాడార్ వ్యవస్థ ఆనాటికి మేటి. తరువాతి విచారణలో టేపులను పరీక్షింపగా, విమానము క్రమముగ పైకి లేచుచున్నట్లే నమోదై ఉన్నది. కాని నౌకలోపల కెప్టెనుకు అందిన మాట, అది క్రిందికి దిగుచు తమవైపు వచ్చుచున్నదని! విమానము నేల విడిచినది మొదలు కూలువరకు పట్టినది సుమారు ఏడు నిమిషములు. యంత్రము చూపిన అంకెకు, నిర్ణయము చేయువానికి నడుమ మనుష్యుల మాటలలో ఆరోహణము అవరోహణమైనది. గురిని కొలుచు ఏ సాధనమును ఆ మాటలను పట్టుకొనజాలదు.

ఈ దుర్ఘటన తరువాత అమెరికా నౌకాదళము 1990లో టాడ్మస్ అను పరిశోధన ప్రారంభించినది. ఒత్తిడిలో నిర్ణయములు చేయుట దాని విషయము. అందులోని మనస్తత్వ శాస్త్రజ్ఞులు జట్టుపనిని నాలుగు భాగములుగ విడదీసి చూచిరి: సమాచారము ఇచ్చిపుచ్చుకొనుట, స్పష్టముగ మాటలాడుట, తోటివాని పొరపాటును సవరించుట, చొరవ తీసుకొని దారిచూపుట. ఈ రంగములో పరిశోధకులు వాడిన ఒక నిష్పత్తి మిక్కిలి సరళమైనది. జట్టులోనివారు ఒకరికొకరు అందించిన సమాచారముల సంఖ్యను, వారు అడిగిన ప్రశ్నల సంఖ్యతో భాగించుటయే. ఒక జట్టులో 24 సమాచారములు, 8 ప్రశ్నలు అనుకొన్నచో నిష్పత్తి 3. మరియొక జట్టులో 12, 12 అయినచో 1. మొదటి జట్టులో ఎవరికేమి కావలెనో అడుగకముందే తోటివారు గ్రహించుచున్నారు. పెండ్లి పంక్తిలో నేర్పరియైన వడ్డనకాడు విస్తరి చూచియే అన్నము తెచ్చినట్లు.

ఐనను ఈ నిష్పత్తిని పూజింపరాదు. మాటలు లెక్కించుచున్నారని తెలిసిన సిపాయి అక్కరలేనివి కూడ చెప్పును. నిష్పత్తి పెరుగును, పని చెడును. విన్సెన్స్‌లో ‘దిగుచున్నది’ అన్న మాటయు ఈ లెక్కలో ఒక సమాచారముగనే చేరును! కనుక చెప్పిన ప్రతి మాటను టేపులోని అంకెతో సరిపోల్చవలెను. అంకె తెరమీద కనబడిన క్షణమునకు, అది కావలసినవాని చెవినిబడిన క్షణమునకు నడుమ ఎన్ని సెకండ్లు గడచినవో చూడవలెను. కంప్యూటరు నిజముగ అక్కరకు వచ్చునది ఇక్కడనే. చొరవ వంటివానికి మార్కులు వేయువారు ఇద్దరైన ఉండి, ఒకరివి ఒకరు చూడక వేయవలెను. వారి మార్కులకు పొత్తు కుదరనిచో వానిని దశాంశ స్థానములవరకు వ్రాసినను ప్రయోజనము లేదు.

లెక్కల ఉపాధ్యాయులు మరియొక పొరపాటును గమనింపవలెను. పదేసిమంది గల ఆరు జట్లను పరీక్షించి, 60 మందిని పరీక్షించితిమనుట వినుటకు ఘనముగ ఉండును. ఒకే జట్టువారు ఒకరినొకరు ప్రభావితులను చేయుదురు గనుక వారి ఫలితములు స్వతంత్రములు కావు. జట్టును గూర్చిన ప్రశ్నకు అచ్చట దొరకినవి ఆరు పరిశీలనలే.

దీనిని తరగతిలో పరీక్షించుట కష్టము కాదు. ఎల్.బి.నగర్ నుండి దిల్‌సుఖ్‌నగర్ వరకు గల వీధుల పటమును నాలుగు ముక్కలు చేసి నలుగురు విద్యార్థులకు ఇయ్యవలెను. ఎవరి ముక్కను వారే చూడవలెను. ప్రధాన రహదారి ఎక్కకుండ దారిని మాటలతోనే కుదుర్చుకొనవలెను. సంభాషణను ఫోనులో రికార్డు చేసి, అందించిన సమాచారములను, అడిగిన ప్రశ్నలను లెక్కింపవచ్చును. రెండవసారి, ఒక వీధి మూసియున్నదని ఒక్కరి ముక్కమీద మాత్రము వ్రాసి యుంచవలెను. ఆ వార్త మిగిలిన ముగ్గురికి చేరుటకు పట్టిన సెకండ్లను, రికార్డు తిరిగి విని, ఇద్దరు వేరువేరుగ లెక్కింతురు.